కూలి లెక్కలో కుటుంబం

1907 నవంబరులో ఆస్ట్రేలియా కార్మిక వివాదాల న్యాయస్థానం ఒక ప్రశ్న తేల్చాల్సి వచ్చింది. కోత యంత్రాలు తయారుచేసే ఫ్యాక్టరీలో, ప్రత్యేక నైపుణ్యం లేని కార్మికుడికి ఎంత ఇస్తే న్యాయమైన కూలి అవుతుంది? న్యాయమూర్తి హెన్రీ బోర్న్స్ హిగిన్స్ ఈ లెక్కను యజమాని లాభాల దగ్గర మొదలుపెట్టలేదు. కార్మికుల ఇళ్లలో అద్దెకు, రొట్టెకు, మాంసానికి, పాలకు, వంటచెరకుకు వారానికి ఎంతవుతుందో సాక్ష్యాలు విన్నాడు. ఒక మగవాడు, అతని భార్య, ముగ్గురు పిల్లలు పొదుపుగా, మర్యాదగా బతకడానికి రోజుకు 7 షిల్లింగులు, అంటే వారానికి 42 షిల్లింగులు కావాలని తీర్పు చెప్పాడు. ఆ తీర్పుకు ఆధారమైన చట్టాన్ని మరుసటి ఏడాదే హైకోర్టు కొట్టేసింది. అయినా ఆ కొలత మాత్రం దశాబ్దాలపాటు ఆ దేశపు కూలి రేట్లకు పునాదిగా నిలిచింది.

అదే న్యాయమూర్తి 1912లో పండ్లతోటల కేసు విన్నాడు. పండ్లు కోయడం మగవాళ్ల పని కాబట్టి ఆడవాళ్లు కోసినా సమాన కూలి ఇవ్వాలన్నాడు. తక్కువకు ఒప్పుకుంటే వాళ్లు మగవాళ్ల పని లాగేసుకుంటారని ఆయన వాదన. పండ్లు పెట్టెల్లో సర్దడం ఆడవాళ్ల పని కాబట్టి దానికి తక్కువ చాలన్నాడు. ఆ తర్వాత ఆడవాళ్ల మూల వేతనం మగవాళ్ల వేతనంలో 54 శాతం దగ్గర స్థిరపడింది. అది 75 శాతానికి చేరేసరికి 1950 వచ్చింది.

మార్క్సిస్టు విశ్లేషణ కుటుంబం గురించి చెప్పదలచుకున్నదంతా ఈ లెక్కలో కనిపిస్తుంది. కార్మికుడికి ఇచ్చే డబ్బు అతను చేసిన పనికి ఖరీదు అయితే, అతనికి పిల్లలెంతమంది అన్న ప్రశ్నే రాకూడదు. వచ్చిందంటే ఆ డబ్బు మరి దేనికో ఖరీదు. రెండో విషయం ఇంకా ముఖ్యం. ఆ 42 షిల్లింగుల జాబితాలో మాంసం ఉంది, పాలు ఉన్నాయి, వంటచెరకు ఉంది. వాటిని భోజనంగా మార్చే మనిషి పని లేదు. ఆమె తిండి ఖర్చు లెక్కలోకి వచ్చింది, ఆమె శ్రమ రాలేదు. కుటుంబం మీద మార్క్సిజం చెప్పే సంగతులు చాలా ఉన్నాయి: ఆస్తి, వారసత్వం, భావజాలం, పితృస్వామ్యం. వీటిలో దేన్ని ముందు పట్టుకోవాలి అంటే, కూలిని పట్టుకోవాలి. మిగతావి ఆ దారం వెంటే వస్తాయి.

శ్రమశక్తి ఎక్కడ తయారవుతుంది

మార్క్స్ ప్రకారం కార్మికుడు అమ్మేది శ్రమను కాదు, శ్రమశక్తిని, అంటే ఇన్ని గంటలు పనిచేయగల తన సామర్థ్యాన్ని. ఏ సరుకుకైనా ఉన్నట్టే దానికీ ఒక విలువ ఉంటుంది. కార్మికుడు రేపు మళ్లీ పనికి రాగలిగేలా బతకడానికి కావలసిన సరుకుల విలువే శ్రమశక్తి విలువ. కార్మికుడు ముసలివాడై చనిపోతాడు. అతని స్థానంలోకి రావలసినవాళ్లు పుట్టాలి, పెరగాలి, పని నేర్చుకోవాలి. అందుకే పిల్లల పోషణ ఖర్చు కూడా ఆ విలువలో భాగమేనని 1867లో వచ్చిన 'పెట్టుబడి' మొదటి సంపుటం చెబుతుంది. హిగిన్స్ తీర్పు నలభై ఏళ్ల తర్వాత అదే సూత్రాన్ని కోర్టు భాషలో చెప్పినట్టయింది.

శ్రమశక్తిని తిరిగి తయారుచేయడంలో మూడు పనులు కలిసి ఉంటాయి. అలసి ఇంటికొచ్చిన మనిషిని మర్నాటికి సిద్ధం చేయడం ఒకటి. వచ్చే తరం పనివాళ్లను కని పెంచడం రెండోది. పనిచేయలేనివాళ్లను, అంటే జబ్బుపడినవాళ్లను, ముసలివాళ్లను, పని దొరకనివాళ్లను, సాకడం మూడోది. ఫ్యాక్టరీకి కావలసిన యంత్రం మరో ఫ్యాక్టరీలో తయారవుతుంది. దూది పొలంలో పండుతుంది. శ్రమశక్తి అనే ఈ ఒక్క సరుకు మాత్రం పెట్టుబడి పెట్టుబడిగా అడుగుపెట్టని చోట, ఇంట్లో, తయారవుతుంది. ఈ పనిని పెట్టుబడిదారు కార్మికుల ప్రాణరక్షణ, సంతాన వాంఛలకే నిశ్చింతగా వదిలేయవచ్చని మార్క్స్ ఒక వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయాడు. తర్వాతి తరాల స్త్రీవాదులు ఆయన్ని నిలదీసింది సరిగ్గా ఇక్కడే. ఆ వదిలేయడం ఎలా సాధ్యమవుతోంది, ఎవరి భుజాల మీద జరుగుతోంది అన్నది ఆయన విప్పి చూపలేదు.

అయితే యంత్రాల అధ్యాయంలో మార్క్స్ చూపిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. ఒక కుటుంబం రోజువారీ అవసరాల విలువ 6 గంటల శ్రమకు సమానం అనుకుందాం. ఇంటి పెద్ద ఒక్కడే 12 గంటలు పనిచేస్తే, 6 గంటలు కుటుంబ పోషణకు పోయి 6 గంటలు యజమానికి అదనపు శ్రమగా మిగులుతాయి. యంత్రాలు వచ్చి కండబలం అవసరం తగ్గాక భార్య, ఇద్దరు పిల్లలు కూడా మిల్లులో చేరారు. నలుగురూ 12 గంటలే చేస్తారనుకుంటే మొత్తం 48 గంటలు. కుటుంబం ఖర్చు మునుపటిలా 6 గంటల దగ్గరే ఉండదు. ఇంట్లో కుట్టుకునే బట్టలు ఇప్పుడు కొనాలి, ఇంట్లో వండుకునేదీ కొంత బయట కొనాలి. అది 8 గంటలకు పెరిగిందనుకుందాం. అయినా యజమాని వైపు మిగిలేది 40 గంటలు. నలుగురికి ఇచ్చే కూలి ఒక్కడికిచ్చిన దానికంటే కొంచెం ఎక్కువ, వచ్చే అదనపు శ్రమ మాత్రం ఆరు రెట్లు దాటింది.

ఇంటిపని తగ్గితే డబ్బు ఖర్చు పెరుగుతుందన్న ఆ మాటను మార్క్స్ ఒక అధోజ్ఞాపికలో రాశాడు. 1970లలో ఇంటిపని మీద జరిగిన పెద్ద చర్చకు బీజం ఆ అధోజ్ఞాపికలోనే ఉందంటే అతిశయోక్తి కాదు.

ఎంగెల్స్: ఆస్తి ఎంతవరకు వివరిస్తుంది

కుటుంబం అనగానే అందరూ తలచుకునే మార్క్సిస్టు గ్రంథం ఎంగెల్స్ 1884లో రాసిన 'కుటుంబం, సొంత ఆస్తి, రాజ్యాల పుట్టుక'. అమెరికన్ మానవశాస్త్రవేత్త లూయిస్ హెన్రీ మోర్గాన్ 1877లో ప్రచురించిన పరిశోధన, దాని మీద మార్క్స్ రాసుకున్న నోట్సు దీనికి ఆధారం. పశుసంపద పెరిగి మగవాళ్ల చేతుల్లో చేరాక, దాన్ని తమ సొంత పిల్లలకే అందించాలన్న అవసరం పుట్టింది. తల్లి వైపు నుంచి వంశాన్ని లెక్కించే పద్ధతి కూలిపోయింది. తండ్రి ఎవరో నిస్సందేహంగా తెలియాలి కాబట్టి స్త్రీకి మాత్రమే కట్టుదిట్టమైన ఏకపతి నియమం వచ్చింది. ఎంగెల్స్ దీన్ని స్త్రీజాతికి జరిగిన చారిత్రక ఓటమి అన్నాడు.

ఆస్తి ఉన్న వర్గానికి ఈ వివరణ బాగా అతుకుతుంది. ఇంగ్లండులో 1870 చట్టం వచ్చేదాకా పెళ్లయిన స్త్రీ కూలి చేసి సంపాదించిన డబ్బు కూడా చట్టరీత్యా భర్తదే. 1882 చట్టం వచ్చాకే ఆమెకు తన పేరిట ఆస్తిని పూర్తిగా ఉంచుకునే హక్కు దొరికింది. ఆస్తి చేతులు మారే దారిలో పెళ్లి ఒక దస్తావేజు.

చిక్కు ఆస్తి లేనివాళ్ల దగ్గర వస్తుంది. కార్మికుడి దగ్గర వారసత్వంగా ఇచ్చేదేమీ లేదు. కాబట్టి కార్మిక కుటుంబంలో మగవాడి పెత్తనానికి భౌతిక పునాది పోయిందని, పాత మొరటుతనం కొంత మిగిలితే మిగలవచ్చని ఎంగెల్స్ భావించాడు. ఇది తప్పు. ఆస్తి లేని ఇంట్లో కూలి డబ్బే ఆస్తి. వారం చివర దాన్ని చేతిలో పట్టుకొచ్చే మనిషికి, దానికోసం ఎదురుచూసే మనిషికి మధ్య ఉన్న సంబంధం పెత్తనానికి చాలినంత పునాది. విచిత్రమేమంటే ఎంగెల్స్ ఇరవై నాలుగేళ్ల వయసులో ఈ సంగతిని దగ్గరగా చూశాడు. 1845 నాటి ఇంగ్లండు కార్మికుల స్థితిగతుల పుస్తకంలో, భార్య మిల్లుకు పోగా ఇంట్లో కూర్చుని మేజోళ్లు బాగుచేస్తూ కన్నీళ్లు పెట్టుకున్న నిరుద్యోగి గురించి రాశాడు. సంపాదించే భార్య చేతిలో భర్త ఉండటం అమానుషమైతే, అంతకుముందు భర్త చేతిలో భార్య ఉండటమూ అమానుషమే అయి ఉండాలి అని అక్కడే అన్నాడు. ఆ పరిశీలనను 1884లో మళ్లీ అందుకుని ఉంటే సిద్ధాంతం వేరే దారి పట్టేది.

మోర్గాన్ చెప్పిన సామూహిక వివాహ దశలను తర్వాతి మానవశాస్త్రం నిలబెట్టలేదు. ఎలినార్ లీకాక్ వంటి మానవశాస్త్రవేత్తలు 1970లలో ఎంగెల్స్‌ను సమర్థించినా, ఆ దశల క్రమాన్ని యథాతథంగా వెనకేసుకు రాలేదు. వర్గాలు, రాజ్యం లేని సమాజాల్లో స్త్రీపురుషుల మధ్య అధికార తేడా చాలా తక్కువగా ఉండేదన్న మాటనే నిలబెట్టారు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. భార్యాభర్తలు, పిల్లలు మాత్రమే ఉండే చిన్న కుటుంబం పెట్టుబడిదారీ విధానంతోనే పుట్టిందని మార్క్సిజం చెబుతుందని పాఠ్యపుస్తకాలు రాస్తుంటాయి. ఎంగెల్స్ అలా అనలేదు. అతను ముడిపెట్టింది సొంత ఆస్తితో, అది పెట్టుబడి కంటే వేల ఏళ్లు పాతది. ఆ పాఠ్యపుస్తకపు మాట చరిత్రకూ నిలవదు. చరిత్రకారుడు పీటర్ లాస్లెట్ బృందం పాత జనాభా జాబితాలు తిరగేసి, ఇంగ్లండులో పదహారో శతాబ్దం నుంచే సగటు ఇంటి పరిమాణం 4.75 మంది దగ్గర ఉందని 1972లో చూపింది. మరోవైపు మైకేల్ ఆండర్సన్ 1851 జనగణన చూసి, నూలు మిల్లుల పట్టణం ప్రెస్టన్‌లో 23 శాతం ఇళ్లలో ఇతర బంధువులు కూడా కలిసి ఉన్నారని లెక్క తేల్చాడు. పరిశ్రమలు వచ్చాక బంధువులు విడిపోవడానికి బదులు దగ్గరయ్యారు. కారణం తేలికే: తల్లి మిల్లుకు వెళితే పిల్లల్ని చూడటానికి అమ్మమ్మ కావాలి, అమ్మమ్మకు తిండి కావాలి. కూలి ఆకారాన్ని బట్టి ఇల్లు ఆకారం మార్చుకుంది. ఈ లెక్కలను మార్క్సిజానికి వ్యతిరేక సాక్ష్యంగా చూపడం రివాజు. జాగ్రత్తగా చదివితే అవి వారసత్వం కథను బలహీనపరుస్తాయి, కూలి కథను బలపరుస్తాయి.

కుటుంబ వేతనం: ఎవరి గెలుపు

పందొమ్మిదో శతాబ్దం మధ్యలో బ్రిటన్ చట్టాలు ఆడవాళ్ల శ్రమను ఒక్కో మెట్టూ కట్టడి చేశాయి. 1842లో స్త్రీలు, పదేళ్లలోపు మగపిల్లలు గనుల్లోకి దిగకుండా నిషేధం వచ్చింది. 1844లో మిల్లుల్లో స్త్రీలకు 12 గంటల పరిమితి, 1847లో 10 గంటల పరిమితి పెట్టారు. మగవాడి కూలితోనే ఇల్లు గడవాలన్న డిమాండును కార్మిక సంఘాలు చేపట్టాయి. 'కుటుంబ వేతనం' అన్నది దీన్నే.

దీని అర్థమేమిటన్న దానిపై మార్క్సిస్టు స్త్రీవాదుల్లోనే తీవ్రమైన వాదం నడిచింది. హైదీ హార్ట్‌మన్ 1970ల చివర్లో ఇలా వాదించింది: మగ కార్మికులకు రెండు దారులున్నాయి. ఆడవాళ్లను సంఘాల్లో చేర్చుకుని సమాన కూలికి పోరాడవచ్చు, లేదా వాళ్లను మంచి పనుల నుంచి బయటకు నెట్టవచ్చు. రెండోది ఎంచుకున్నారు, ఎందుకంటే దానివల్ల ఇంట్లో సేవలు కూడా దక్కాయి. అంటే పెట్టుబడికీ మగవాళ్లకూ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. జేన్ హంఫ్రీస్ 1977లో దీనికి ఎదురు వాదన చేసింది: సంతలో అమ్మకానికొచ్చే శ్రమ తగ్గితే ఒక్కొక్కరి కూలి పెరుగుతుంది. నలుగురు 48 గంటలు పనిచేసి తెచ్చేది ఒక్కరే 12 గంటల్లో తేగలిగితే, కుటుంబం గెలిచినట్టే. 1834 నాటి పేదల చట్టం కింద దిక్కులేనివాళ్లను చేర్చుకున్న వర్క్‌హౌస్‌లు భార్యను, భర్తను, పిల్లల్ని వేర్వేరు వార్డుల్లో పెట్టేవి. అలాంటి కాలంలో కార్మికులు కుటుంబాన్ని గట్టిగా పట్టుకున్నారంటే అది మోసపోవడం కాదు, ఆత్మరక్షణ.

ఈ ఇద్దరిలో ఒకరినే ఎంచుకోవాల్సిన పనిలేదు. హంఫ్రీస్ లెక్క కుటుంబాన్ని బయటి నుంచి, యజమానికి ఎదురుగా నిలిచిన ఒక జట్టుగా చూస్తే సరిపోతుంది. హార్ట్‌మన్ లెక్క ఇంటి తలుపు తీసి లోపలికి చూస్తే సరిపోతుంది. లోపల డబ్బును ఎవరు పంచుతారు, మిగిలిన ముక్క ఎవరు తింటారు, కొడితే ఎవరు బయటకు పోలేరు అన్న ప్రశ్నలకు హంఫ్రీస్ దగ్గర జవాబు తక్కువ.

ఆచరణలో కుటుంబ వేతనం మూడు చోట్ల విఫలమైంది. చాలామంది మగ కార్మికులకు అది ఎన్నడూ అందలేదు, కాబట్టి వాళ్ల భార్యలు ఇంటిదగ్గర గంపగుత్త పనులు చేస్తూనే ఉన్నారు. భర్త లేని స్త్రీకి, అంటే వితంతువుకు, ఒంటరి తల్లికి, పిల్లలున్నా లేకున్నా సగం కూలే దక్కింది. బ్రహ్మచారికి లేని పిల్లల ఖర్చు చేరింది, ఎనిమిదిమంది ఉన్న ఇంటికి చాలలేదు. మూడోది కార్మికోద్యమాన్నే దెబ్బతీసింది: సగం కూలికి దొరికే మనుషుల్ని ఒక పక్క అట్టేపెడితే, బేరం తెగని ప్రతిసారీ యజమాని ఆ పక్కకే తిరుగుతాడు. బ్రిటన్‌లో 1946 నుంచి రెండో బిడ్డ మొదలు ఒక్కో బిడ్డకు వారానికి 5 షిల్లింగుల భత్యం తల్లి చేతికే ఇవ్వడం మొదలైంది. పిల్లల ఖర్చును తండ్రి కూలి నుంచి కొంతైనా విడదీసిన ఏర్పాటు అది.

పెట్టుబడి కుటుంబాన్ని ఎంత దగ్గరగా కోరుకుందో చూడాలంటే ఫోర్డ్ కంపెనీ 1914 జనవరిలో ప్రకటించిన 5 డాలర్ల రోజుకూలి చూడాలి. కన్వేయర్ పని భరించలేక కార్మికులు వెళ్లిపోతుంటే, 1913లో కంపెనీ ఒక్కో ఉద్యోగానికి సగటున ఏడాదిలో మూడు నాలుగు సార్లు కొత్త మనిషిని పెట్టుకోవాల్సి వచ్చింది. కొత్త కూలిలో దాదాపు సగం లాభంలో వాటా పేరుతో, షరతులకు లోబడి ఇచ్చేవారు. పెళ్లయినవాడు భార్యాపిల్లలతో కలిసి ఉండి వాళ్లను పోషించాలి, తాగకూడదు, పొదుపు చేయాలి. కంపెనీ సామాజిక విభాగం పరిశోధకులు ఇళ్లకు వచ్చి చూసేవారు. జైలులో రాసుకున్న నోట్సులో ఇటలీ మార్క్సిస్టు గ్రామ్షీ దీన్ని సరిగ్గా పట్టుకున్నాడు: కొత్త రకం పనికి కొత్త రకం మనిషి కావాలి, ఆ మనిషి నరాలు ఇంట్లో కుదుటపడాలి.

ఇంటిపనికి విలువ ఉందా

తెలుగులో ఈ ప్రశ్న అడగడమే కష్టం, ఎందుకంటే 'విలువ లేని పని' అంటే పనికిమాలిన పని అని వినిపిస్తుంది. మార్క్స్ అర్థశాస్త్రంలో విలువ పొగడ్త కాదు. సంతలో అమ్మకానికి తయారైన సరుకులో, సమాజపు సగటు నైపుణ్యంతో పట్టే శ్రమకాలం అది. బాంబుకు విలువ ఉంటుంది, తల్లిపాలకు ఉండదు. ఈ రెండర్థాలు కలగాపులగమై చర్చ చాలాసార్లు దారితప్పింది.

మార్గరెట్ బెన్‌స్టన్ 1969లో ఇంటిపనిని డబ్బు ఆర్థిక వ్యవస్థకు బయట జరిగే ఉపయోగపు విలువల, అంటే అమ్మకానికి కాక వాడుకకు చేసేవాటి, ఉత్పత్తిగా చూపింది. మరియరోసా దల్లా కోస్టా, సెల్మా జేమ్స్ 1972లో ఇంకా ముందుకెళ్లారు: గృహిణి తయారుచేసేది శ్రమశక్తి అనే సరుకు, దాన్ని పెట్టుబడి వాడుకుంటుంది, కాబట్టి ఆమె శ్రమ అదనపు విలువకు, అంటే కూలి పోను యజమానికి మిగిలేదానికి, మూలం. అక్కడి నుంచే ఇంటిపనికి వేతనం కావాలన్న ఉద్యమం పుట్టింది. సిల్వియా ఫెడెరిచీ 1975లో రాసినదాని సారం ఏమంటే, ఆ డిమాండు డబ్బు కోసమే కాదు. ఇంటిపనిని ప్రేమగా, స్వభావంగా చూడటం ఆపి పనిగా గుర్తించమనడం, గుర్తించాక నిరాకరించగలగడం. వాలీ సెకోంబ్ 1974లో మధ్యస్థంగా ఒక మాట చెప్పాడు: గృహిణి శ్రమ విలువను సృష్టిస్తుంది, ఆమె పోషణకు పోయే సరుకుల విలువ మేరకు.

ఖచ్చితంగా చెప్పాలంటే 'సృష్టించదు' అన్నవాళ్ల వాదనే గట్టిది. కారణం ఇది. ఫ్యాక్టరీలో ఒక చొక్కాకు సగటున గంట పడుతుంటే, రెండు గంటలు తీసుకున్నవాడు నష్టపోయి మూతపడతాడు. పోటీ సగటును బలవంతంగా రుద్దుతుంది. ఇంట్లో భోజనానికి ఒకరు గంట, మరొకరు మూడు గంటలు తీసుకుంటే ఎవరూ దివాలా తీయరు, ఇద్దరి భర్తల శ్రమశక్తీ ఒకే రేటుకు అమ్ముడవుతుంది. సగటుకు లాగే యంత్రాంగమే లేని చోట విలువను కొలవడానికి ఏమీ ఉండదు. అందుకే పరిశ్రమలో పెరిగే ఉత్పాదకత ఇంట్లోకి అదే వేగంతో రాదు. ఒక్కో ఇంటికి ఒక్కో బట్టలుతికే యంత్రం వస్తుంది, రోజులో ఎక్కువసేపు అది ఖాళీగా ఉంటుంది.

విలువను సృష్టించకపోయినా ఇంటిపని కూలి మీద పనిచేసే తీరు నిజం. కూలి పదో వంతు తగ్గితే ఇంట్లో తిండి పదో వంతు తగ్గదు. చౌకరకం సరుకు తెచ్చి ఎక్కువసేపు వండుతారు. కొత్త బట్ట కొనకుండా పాతది కుడతారు. ఆసుపత్రి నుంచి రెండు రోజులు ముందే పంపేస్తే ఆ రెండు రోజుల నర్సు పని ఇంట్లో చేస్తారు. డబ్బు తగ్గిన మేర గంటలు పెరుగుతాయి. కూలిని నిజంగా తగ్గించినా జీవనం వెంటనే కూలిపోకపోవడానికి ఈ సాగే గుణమే కారణం. మాంద్యంలో, ప్రభుత్వాలు ఖర్చులు కోసినప్పుడు, ఆ కోతను మొదట మింగేది వంటగదే. గణాంకాల్లో అది పొదుపుగా కనిపిస్తుంది. ఈ శ్రమ ఆగితే ఏమవుతుందో ఐస్‌లాండ్ స్త్రీలు 1975 అక్టోబరు 24న చూపించారు. పదిమందిలో తొమ్మిదిమంది ఆ రోజు ఇంటిపనీ బయటి పనీ మానేశారు. తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని పనికి వెళ్లాల్సి వచ్చింది.

ఉపయోగం చూపితే కారణం చూపినట్టు కాదు

కుటుంబం భావజాలాన్ని నేర్పుతుందన్న వాదన అందరికీ తెలిసిందే. తండ్రి ముందు తలవంచడం నేర్చినవాడు మేస్త్రీ ముందు వంచుతాడని ఫ్రాంక్‌ఫర్ట్ బృందపు మార్క్సిస్టు పరిశోధకులు 1936లో చర్చించారు. 1970లో ఫ్రెంచ్ మార్క్సిస్టు తత్వవేత్త అల్థూసర్ కుటుంబాన్ని బడి పక్కన రాజ్యపు భావజాల యంత్రాల్లో చేర్చాడు. ఈలై జరెట్‌స్కీ 1970లలో చెప్పింది వీటికంటే సూక్ష్మం: పనిచోట మనిషికి తనదంటూ ఏదీ మిగలనప్పుడు, 'నా జీవితం' అన్నదంతా ఇంట్లోకి వచ్చి చేరుతుంది. ఇల్లు మోయలేనంత ఆశను మోస్తుంది, అందుకే తరచూ విరుగుతుంది.

ఈ తరహా వాదనల్లో ఒక సాధారణ లోపం ఉంది. కుటుంబం వల్ల పెట్టుబడికి ఫలానా లాభం ఉందని చూపి, అందుకే కుటుంబం ఉందని ముగిస్తారు. ప్రయోజనాన్ని కారణంగా చూపడం ఇది. ప్రతి సంస్థనూ అది సమాజానికి చేసే పనితో వివరించే పార్సన్స్ వంటి ప్రకార్యవాద సమాజశాస్త్రవేత్తలు చేసిన తప్పే, గుర్తు మారింది. శ్రమశక్తిని తయారుచేయడానికి కుటుంబం ఒక్కటే దారి కాదు. ప్లాంటేషన్లలో బానిసలను సంతలో కొన్నారు. గనుల్లో ఒంటరి మగవాళ్లను బ్యారకుల్లో ఉంచి, పెంచే ఖర్చును వాళ్ల ఊళ్లకు వదిలేశారు. బయటి దేశాల్లో పెరిగిన కార్మికులను వలస ద్వారా తెచ్చుకున్నారు. అమెరికా బానిసత్వంలో నల్లజాతి స్త్రీలు పొలంలో మగవాళ్లతో సమానంగా పనిచేశారని, యజమాని ఏ క్షణమైనా అమ్మి చెదరగొట్టగల కుటుంబమే వాళ్లకు మనుషులుగా మిగిలే చోటైందని 1981లో అమెరికన్ నల్లజాతి ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్ గుర్తుచేసింది. గృహిణిని ఏకైక నమూనాగా తీసుకున్న సిద్ధాంతం ఈ చరిత్ర ముందు చిన్నబోతుంది.

మరి ఆ పని ఆడవాళ్లకే ఎందుకు వచ్చింది? దీనికి ఇప్పటిదాకా వచ్చిన వాటిలో గట్టి జవాబు 1983లో లీజ్ వోగెల్ ఇచ్చింది. పిల్లల్ని కనడం అన్నది కొన్ని నెలలపాటు స్త్రీ పనిచేసే సామర్థ్యాన్ని తగ్గిస్తుంది, ఆ కాలంలో ఆమెను ఎవరో పోషించాలి. పెట్టుబడికి ఈ రోజు ఆమె శ్రమా కావాలి, ఇరవై ఏళ్ల తర్వాత ఆమె బిడ్డ శ్రమా కావాలి. రెండూ ఒకేసారి దొరకవు. ఆ కొన్ని నెలల పోషణ భారాన్ని మగవాళ్ల మీద వేయడం ద్వారా వర్గసమాజాలు ఈ వైరుధ్యాన్ని సర్దుకున్నాయి, పోషించేవాడికి అధికారమూ వచ్చింది. కడుపుతో ఉన్న నెలలకు జీవశాస్త్రం కారణం. మిగతా పాతికేళ్ల వంటకు కాదు. ఆ రెండింటి మధ్య దూరాన్ని నింపేది ఆచారం, చట్టం, సగం కూలి. సిద్ధాంతం ఇక్కడ చరిత్రకు చోటు వదులుతుంది, అదే దాని బలం.

వంటగదిని బయటకు తెచ్చిన ప్రయోగం

ఇంటిపనిని సామాజిక పరిశ్రమగా మార్చాలన్నది ఎంగెల్స్ సూచించిన పరిష్కారం. సోవియట్ ప్రభుత్వం దాన్ని చట్టంగా రాసింది. 1917 డిసెంబరులో విడాకులు సులభమయ్యాయి. 1918 అక్టోబరు కుటుంబ స్మృతి పెళ్లి లోపల, బయట పుట్టిన పిల్లల మధ్య తేడాను తీసేసింది. 1920లో గర్భస్రావం చట్టబద్ధమైంది. సామూహిక భోజనశాలలు, శిశుశాలలు, లాండ్రీలు వస్తే కుటుంబం భారం దానంతట అదే తగ్గిపోతుందని బోల్షెవిక్ నాయకురాలు అలెగ్జాండ్రా కొల్లొంతాయ్ 1920లో రాసింది.

ఏది చెడిందో ఒక్క నిబంధనలో చూడవచ్చు. 1918 స్మృతి దత్తతను నిషేధించింది. పిల్లల్ని రాజ్యమే మెరుగ్గా పెంచుతుందని, దత్తత పేరుతో రైతు ఇళ్లు పిల్లల చేత చాకిరీ చేయించుకుంటాయని భయం. అంతర్యుద్ధం, 1921 కరువు కలిసి లక్షల పిల్లల్ని వీధుల్లోకి నెట్టాయి. అనాథాశ్రమాలు నిండిపోయాయి. అదే ఏడాది మొదలైన కొత్త ఆర్థిక విధానం లెక్కాజమా పేరుతో శిశుశాలలకు, భోజనశాలలకు నిధులు కోసింది. 1926లో దత్తతను మళ్లీ అనుమతించారు. పెంచే ఖర్చు భరించలేని రాజ్యం ఆ ఖర్చును కుటుంబానికి తిప్పికొట్టింది. చట్టం కుటుంబాన్ని వదులు చేసింది, డబ్బు మాత్రం ప్రత్యామ్నాయాన్ని కట్టలేదు. మధ్యలో విడాకులు పొంది భరణం అందని స్త్రీలు నలిగిపోయారు. 1936లో గర్భస్రావం నిషేధించారు, విడాకులు ఖరీదయ్యాయి. 1944 శాసనంతో పెళ్లి బయట పుట్టిన బిడ్డ తండ్రిని గుర్తించడం ఆగిపోయింది.

దీన్ని సిద్ధాంతపు ఓటమిగా చూడటం తొందరపాటు. శ్రమశక్తిని తిరిగి తయారుచేయడానికి ఎంత శ్రమ పడుతుందో ముందే లెక్కకట్టి ఉంటే, దాన్ని బయటకు తేవడానికి ఎన్ని చేతులు, ఎన్ని గదులు, ఎంత తిండి కావాలో తేలేది. ఆ లెక్క కట్టకుండానే ఇంటి భారం తీసేస్తామన్న మాట ఇచ్చారు.

ఇప్పుడా లెక్క ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 నివేదిక ప్రకారం 64 దేశాల్లో కూలి లేని సంరక్షణ పని రోజుకు 1,640 కోట్ల గంటలు. 200 కోట్లమంది రోజుకు 8 గంటల చొప్పున పనిచేసినంత ఇది. అందులో 76.2 శాతం స్త్రీలది. సగటున స్త్రీ రోజుకు 4 గంటల 25 నిమిషాలు, పురుషుడు 1 గంట 23 నిమిషాలు చేస్తారు. దీనివల్లే కూలిపనికి దూరంగా ఉన్న స్త్రీలు 60.6 కోట్లు, పురుషులు 4.1 కోట్లు.

సంపన్న దేశాల్లో కుటుంబ వేతనం పాతబడింది, ఇల్లు గడవడానికి ఇద్దరి కూలి కావాలి. మార్క్స్ నలుగురి లెక్క ఇద్దరి లెక్కగా తిరిగి వచ్చింది. ఇంటిపనిలో కొంత భాగాన్ని కొంటున్నారు: వండిన తిండి, శిశుశాల, పనిమనిషి. కొనగలగడానికి షరతు ఒక్కటే. గంటకు సంపాదించే డబ్బు, గంట సంరక్షణకు ఇచ్చే డబ్బు కంటే ఎక్కువ ఉండాలి. శిశుశాలలో ఒక మనిషి నలుగురైదుగురు పిల్లల్ని చూడవచ్చు కాబట్టి అక్కడ కొంత వెసులుబాటు ఉంది. ఇంట్లో ఒకరికి ఒకరు అయినప్పుడు ఆ తేడాను ఇచ్చేది సంరక్షకురాలి తక్కువ కూలి మాత్రమే. ఆమె కూలి యజమానురాలి కూలికి సమానమైన రోజున ఆ ఏర్పాటు నిలవదు. అందుకే ఈ పనికి పేద దేశాల నుంచి, పేద ప్రాంతాల నుంచి స్త్రీలు వస్తారు. ఇంటి పనివారి హక్కులపై 2011లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒప్పందం వాళ్లకు వారపు సెలవు, పనిగంటల హద్దు, కనీస వేతనం వంటివి కోరుతుంది. వాటిని పూర్తిగా అమలు చేస్తే తేడా సన్నబడుతుంది, చాలా ఇళ్లకు ఆ సేవ అందుబాటులో ఉండదు. ఆ మేరకు ప్రభుత్వ శిశుశాలలైనా, తక్కువ పనిగంటలైనా రావాలి, లేదా ఆ పని తిరిగి ఇంట్లో ఎవరో ఒకరి మీద పడాలి.

ఇతరుల బిడ్డను చూడటానికి వెళ్లిన స్త్రీ బిడ్డను చూసేది ఎక్కువగా ఆమె తల్లి, అక్క, లేదా పెద్దకూతురు. సమాజశాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ దీన్ని సంరక్షణ గొలుసు అంది. గొలుసులో ఒక్కో కొక్కేనికీ కూలి తగ్గుతూ వచ్చి, చివరి కొక్కెం దగ్గర కూలి ఉండదు. అక్కడ అమ్మమ్మ ఉంటుంది, 1851లో ప్రెస్టన్‌లో ఉన్నట్టే.